రోజూ మార్చే పడక

పోయిన వారం మునివెంకటప్పను మనం ఎలుకల కొట్టం వెనక, కాలి చెప్పు చేతిలోకి తీసుకున్న చోట వదిలి వచ్చాం. మూడో ఈత కూడా మాయమైపోయింది. చీకటి విడిచే వేళకు చూసిపోయినప్పుడు పిల్లలు గోనె నారల్లో ఎర్రగా, చిటికెనవేలి కణుపంత, మెలికలు తిరుగుతున్నాయి. బావి కాడ కపిల తోలి, మడికి నీళ్లు పెట్టి తిరిగొచ్చి చూస్తే ఒక్కటీ లేదు. గడ్డి మీద రెండు నెత్తుటి బొట్లు, మూలన మూతి కడుక్కుంటున్న తల్లి. అదే సమయానికి గోడ వారగా, భుజాన గోతం వేసుకుని వంగి వంగి పోతున్న బయ్యప్ప కంటబడ్డాడు. బయ్యప్ప పరాయివాడు కాదు, సొంత చిన్నాయన కొడుకు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. కెంచార్లహళ్ళి మునివెంకటప్పది తాతల నాటి నుంచీ పట్టుపురుగుల ఇల్లు. వరసగా పంటలు పోయాయి. గూడు కట్టాల్సిన పురుగులు ఉబ్బి, పాలలా కారి చచ్చాయి. విసిగి వేసారి, బెంగుళూరులో మందులు పరీక్ష చేసే ఒక ల్యాబొరేటరీ నుంచి తెల్ల ఎలుకల జతలు తెచ్చుకున్నాడు. పిల్లలను పెంచి ఇస్తే వాళ్లు కొంటారు. పిల్లలు నిలవకపోతే జతలను వెనక్కి తీసుకుపోతారు. అదే జరిగితే మొగుడూ పెళ్లాం శిడ్లఘట్టలో ఎవరి కొట్టంలోనో, గూళ్లు ఉడికే నీళ్లలో వేళ్లు పెట్టి కూలికి దారం తీయాల్సిందే. ఇంకో దారి లేదు.

మొదట్లో ఎలుకలు చూలే కట్టలేదు. ఎట్లా కడతాయి? పట్టు సీతాకోకలను జత కలిపి, కాసేపటికే మగదాన్ని వేరు చేసి పారేయడం ఆ ఇంట్లో చేతులకు అలవాటైన పని. ఎలుకలకూ అదే చేశాడు. పొద్దున కలిపి, నీడలు సాగేసరికి విడదీశాడు. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి మగదాన్ని ఆడవాటితోనే వదిలేశాక కడుపులు నిండాయి, నవ్వులూ ఆగాయి. ఆ సంతోషం కాస్తా పిల్లలు పుట్టేదాకానే.

పిల్లి పని అనుకుని చూరు కింద సందులన్నీ మట్టితో మెత్తాడు. పాము అనుకుని పెట్టెలను తీగలతో దూలానికి వేలాడదీశాడు. మగ ఎలుక తింటోందేమోనని దాన్ని వేరే పెట్టెలోకి తోశాడు. మేత చాలడం లేదేమోనని, తన రాగిముద్దలోకి నంజుకోవడానికి లేకపోయినా, తల్లులకు శనగవిత్తనాలూ ఎండుచేపలూ పెట్టాడు. దిష్టి అనుకుని కొట్టానికి బూడిదగుమ్మడికాయ కట్టాడు. అయినా పిల్లలు పోతూనే ఉన్నాయి. అనుమానపడడానికి ఇక మిగిలింది బయ్యప్ప ఒక్కడే.

"రేయ్ బయ్యా! నిలబడ్రా ఆడ!"

బయ్యప్ప నిలబడ్డాడు. పరిగెత్తలేదు. మునివెంకటప్పకు అదే ఇంకా ఒళ్లు మండించింది. దొంగ అన్నవాడు పరిగెత్తాలి కదా, కనీసం తడబడాలి కదా.

"ఏమన్నా, పొద్దు పొద్దున్నే చెప్పు చేత్తో పట్టుకొనుండావు? ఉంగటం తెగిందా?"

"గోతంలో ఏముండాది?"

"కసువు."

"నా కొట్టం ఎనక నీకు కసువు ఎవురు పెట్టినార్రా?"

"ఎవురో ఒకరు పెట్టినారు. కసువుకు కూడా కావలి కాస్తాండావా ఇప్పుడు?"

"నా ఎలుకల గాలి తగిలి నీ పురుగులు చస్తాయని రచ్చకట్ట మీద కూసినావే, అది నేను మర్చిపోలేదు. నా ఎలుక పిల్లల్ని దాంట్లో ఏసుకొని పోతాండావు. విప్పు!"

బయ్యప్ప నవ్వాడు. పాపిష్టి నవ్వు. వాడి ముఖంలో చిన్నప్పటి నుంచీ ఆ నవ్వొకటి నిలవ ఉంటుంది. "అన్నా, ఎలుక పిల్లల్ని ఎత్తకపోయి నేనేం చేసేది? తాలింపు ఏసుకొనేదా? అప్పుడు మీ మరదలు నన్ను ఇంట్లోకి రానిస్తాదా?" అంటూనే గోతం మూతి విప్పి, నేల మీద బోర్లించాడు.

కసువే. ఎండుగడ్డి, ఎలుకల పెంటికలు, మీద తెల్లగా సున్నప్పొడి. మునివెంకటప్ప కాలితో చెదరగొట్టాడు. పిల్ల కాదు కదా, పిల్ల తోక కూడా లేదు. చెప్పు కింద వేశాడు కానీ కాలు తొడగలేదు. వాడి కళ్లు ఆ కసువులో ఒకచోట ఆగిపోయాయి.

గోనె నార. తల్లి ఎలుక పళ్లతో దారాలు దారాలుగా చీల్చి, గుండ్రంగా చుట్టి, నడుమ గుంట చేసుకున్న గూడు. నిన్న మసక వెలుతురులో పెట్టెలో చూసి, "ఎంత పనిమంతురాలు" అనుకుని మురిసిపోయింది ఈ గూడునే. అది ఇప్పుడు బయ్యప్ప గోతంలోంచి రాలి కాళ్ల ముందు పడి ఉంది.

"ఇది నీకు యాడిదిరా?"

"వదిన వేసిండేది. మీ దిబ్బ నిండిపొయ్యిందంట, నా రాగిమడికి తోలుకోమనింది. అందుకే వస్తాండా."

"ఎప్పుడు వేసింది?"

"ఇందాక. నువ్వు కపిల కాడ ఉన్నప్పుడు. రోజూ వేస్తాది కదా."

"రోజూనా?"

"రోజూ. పెట్టెలన్నీ ఊడ్చి, కొత్త గడ్డి పరిచి... నీకు తెల్దా?" అన్నాడు బయ్యప్ప. ఈసారి నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండేది.

తెలియదు. పెట్టెలు ఎప్పుడు చూసినా అద్దంలా ఉంటే, ఎలుకలు పుట్టుకతోనే శుభ్రమైన జీవాలని అనుకున్నాడు. ఆ మాట చింతామణి సంతలో ఇద్దరు ముగ్గురితో చెప్పాడు కూడా. మునివెంకటప్ప ఆ నార గూడును చేతిలోకి తీసుకుని ఇంటివైపు నడిచాడు. వెనక నుంచి బయ్యప్ప, "చెప్పు, అన్నా! చెప్పు మర్చిపోతాండావు!" అని అరుస్తూనే ఉన్నాడు.

పుట్టమ్మ వాకిట్లో సున్నం కలిపిన నీళ్లతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంటోంది. ఆమె మునివెంకటప్పకు సొంత అక్క కూతురు. పెళ్లయి ఇన్నేళ్లయినా పిలుపు మారలేదు, మామా అనే పిలుస్తుంది. పురుగులు పెంచడంలో ఆ చుట్టుపక్కల ఆమె చేతికి పేరుండేది, పంటలు పోనంతకాలం.

"ఏందిది?" అని గూడు ఆమె ముందు పడేశాడు.

"పడక."

"ఎవురు తీసినారు?"

"నేనే. తడిసిపొయ్యింటే తీసేసినా. ఏమిప్పుడు?"

"పిల్లలుండగానా?"

"పిల్లల్ని పక్కకు తీసే కదా పడక మార్చేది! పురుగుల్ని తీసినట్ల, కోడి ఈకతో మెల్లిగా తట్టలోకి దువ్వుకొని, పాతది ఊడ్చి, కొత్త గడ్డేసి, పలుచగా సున్నం చల్లి, మళ్లా ఈకతోనే లోపలికి... చెయ్యి కూడా తగలనియ్యలేదు మామా. ఒక్కదానికి గీత పడిందేమో చూపించు."

ఆమె ఆ మాటలను గర్వంగా చెప్పింది. అదే వాడిని పిచ్చివాణ్ని చేసింది.

"అవి పురుగులు కావే! పాలు తాగే జీవాలే! నువ్వు దాని గూడు పెరికి, దాని బిడ్డల్ని ఎత్తి, దాని ఇంటి నిండా సున్నం కొట్టి వస్తే అదేమనుకొంటాది? అదే తింటాండాది! పిల్లి లేదు, పాము లేదు, బయ్యడు లేడు. నువ్వు ఇట్ల బయటికి రాంగానే, తల్లే... నీ చేతులు విరగ్గొట్టాల!"

పుట్టమ్మ చేతుల మీది నీళ్లు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు.

"తల్లే తింటాండాదా?"

"మూతికి నెత్తురు చూడలేదా నువ్వు?"

"నేను మూత పెట్టి వచ్చేస్తా మామా. మళ్లా చూడను. నువ్వొచ్చి, పిల్లలు పోయినాయి అంటే, ఇంకా శుభ్రం చాలలేదేమో అనుకొంటి. రెండోసారి ఇంకాస్త సున్నం చల్లితి."

మునివెంకటప్పకు అరవడానికి ఇంకా చాలా ఉంది. నోటినిండా ఉంది. ఇన్నాళ్లు కూడబెట్టుకున్న తిట్లు పాపం బయ్యప్ప కోసం తెచ్చుకున్నవి, వాడి మీద ఖర్చు కాలేదు. కానీ పుట్టమ్మ అప్పుడు తలెత్తింది.

"పురుగులు పోయినప్పుడు నువ్వేమన్నావు మామా? పడక కింద తడి ఉండాది, నీ ఒళ్లు బరువుకే నా పంట చచ్చిందని నలుగురు నిలబడిండే చోట అన్లేదా? మా అమ్మ, నీ సొంత అక్క, మంచం మీద పండుకొని కూడా అదే మాట అనిపించుకొని పొయ్యింది, కూతురికి శుభ్రం నేర్పలేదని. నేనేమన్నా బదులు చెప్తినా? ఈసారి నా మీద మాట రాకూడదనుకొంటి. నడుము పట్టేసినా, జరమొచ్చినా, ఒక్కపూట ఇడిసిపెట్టలేదు. నువ్వు చూస్తే వద్దంటావని, నువ్వు కపిలకు పొయ్యినాకే చేస్తి. పో, ఇప్పుడు కూడా ఊరంతా చెప్పుకో. శుభ్రంగా ఉన్నందుకు చచ్చినాయని చెప్పుకో."

వాకిట్లో కోడి ఒకటి ఆ నార గూడును కాలితో గీరి చూసి, ఏమీ లేదని పోయింది.

మునివెంకటప్ప నోరు తెరిచాడు. మనిషి అన్నవాడు అక్కడ అనాల్సిన మాట ఒకటుంది, అది వాడికీ తెలుసు. కానీ ఆ మాట ఆ ఇంటి మగవాళ్ల నోట ఏ తరంలోనూ రాలేదు, దారి లేని చోట ఎట్లా వస్తుంది? చివరికి వచ్చింది, "కాఫీ ఉండాదా?" అన్న మాట.

"ఉండాది," అంది పుట్టమ్మ. కానీ లేవలేదు. నార గూడును చేతిలోకి తీసుకుని, వేలితో నడుమ గుంటను తడుముతూ కూర్చుంది. తనలో తాను అనుకున్నట్టు అంది. "పిల్లి అయితే, ఎవురన్నా చూసినారంటే, పిల్లల్ని నోట కరుచుకొని ఇల్లు మారుస్తాది. దీనికి పెట్టెలో యాడుండాది ఇంకో ఇల్లు? దాచుకొనేదానికి చోటు లేక కడుపులోనే పెట్టేసుకొనింది."

ఇక మిగిలిన చూలు ఎలుక ఒక్కటే. చెవి మీద గాటు ఉన్నది. దాని పొట్ట అప్పటికే నేలకు ఈడుస్తోంది. ల్యాబొరేటరీ మేనేజరు ఈసారి వచ్చినప్పుడు పిల్లలను కళ్లజూడకపోతే జతలన్నీ పట్టుకుపోతానని ముందే చెప్పి ఉన్నాడు. అంటే నాలుగు వేళ్లంత లేని ఆ జంతువు పొట్టలోనే వీళ్ల ఇద్దరి బతుకూ ఉంది.

ఆ సాయంత్రమే పుట్టమ్మ కొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. మిగతా ఎలుకలను పాత వంటపాకలోకి మార్పించింది. చెవిగాటు ఎలుక పెట్టెలోకి చింపిన గోనె ముక్కలు గుప్పెడు వేసి, మేత, నీళ్లు పైనున్న వల సందులోంచి జారేట్టు ఏర్పాటు చేసి, తలుపు వేసి, గొళ్లెం పెట్టి, లోపలికి వెలుతురు పోకుండా తలుపుకు గోనెపట్ట వేలాడదీసింది. గడప మీద వేపమండ పెట్టింది.

"ఇదెందుకు?" అన్నాడు మునివెంకటప్ప.

"పురిటిల్లు కదా. మనం మనుషులకు చేయమా? బాలింతను మంచం మీద నుంచి కదిలిస్తామా? వచ్చినోళ్లందరినీ బిడ్డను ఎత్తుకోనిస్తామా? పురుగు అనుకొంటి కాబట్టి తప్పు చేస్తి. పురిటిది అనుకొనింటే నాకు ఎవురూ చెప్పబన్లేదు."

మూడో పొద్దుకు లోపల నుంచి సన్నగా కిచకిచలు వినిపించాయి. పిచ్చుక పిల్లల గొంతులా ఉంది, ఇంకా సన్నం. మునివెంకటప్ప గోడకు చెవి ఆనించి అట్లే నిలబడిపోయాడు. ఆ రోజంతా ఆగలేదు. మరునాడూ వినిపించింది. ఇంతకుముందు ఏ ఈతా పొద్దు దాటి బతకలేదు.

సంతోషపడాల్సింది పోయి వాడికి చిరాకు పట్టుకుంది. పుట్టినాయి సరే. ఎన్ని? అన్నీ బతికున్నాయా? ఒకటి బతికి అరుస్తోందా, పది అరుస్తున్నాయా? వరి వేస్తే గట్టు మీద నిలబడి చూసుకోవచ్చు. పురుగు పెడితే తట్ట దించి చూసుకోవచ్చు. చూస్తే చచ్చిపోయే పంట అని ఏ దేవుడు రాసిపెట్టాడు తన నొసట? నీళ్ల వంక పెట్టుకుని రెండుసార్లు తలుపు దాకా వెళ్లాడు. రెండుసార్లూ పుట్టమ్మ అక్కడే కూర్చుని ఉంది.

"ఒక్క సందు రవ్వంత తీసి, ఒంటికన్నుతో..."

"పురిటింట్లోకి తొంగి చూసే మొగోడివా నువ్వు? సిగ్గు లేదా మామా?"

"నా ఎలుకే అది!"

"నీదే. నీళ్లు తాపిచ్చినావు, మేత వేసినావు. కనింది మాత్రం నువ్వు కాదు. పో."

మధ్యాహ్నం చింతామణి బస్సు రోడ్డు మీద ఆగి పోయిన చప్పుడు అయింది. కాసేపటికి మేనేజరు శ్రీనివాసప్ప గొడుగు వేసుకుని వచ్చాడు. వెనక ఎడ్లబండి. బండిలో ఖాళీ ఇనుప బోనులు ఒకదాని మీద ఒకటి గణగణలాడుతున్నాయి. ఆయన ఎలుకల పెట్టెలను ఎప్పుడూ దూరం నుంచే చూసేవాడు, ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని. కచేరిలో కూర్చుని కాగితాలు రాసే మనిషి. బోనులు చూడగానే మునివెంకటప్ప వాటిని లెక్కపెట్టుకున్నాడు, తన జతలన్నిటికీ సరిపోతాయి.

"నోడప్పా మునివెంకటప్పా, ఇట్ల చూడు, నాకు టైము లేదు. పిల్లలు ఉండాయా లేదా?"

"ఉండాయి సామీ. నిన్ననే... ఉండాయి."

"చూపించు."

"ఇప్పుడు తలుపు తీయకూడదు సామీ. ఇంకొన్నాళ్లు పోనీ. కండ్లు తెరిచినాక మీరే వచ్చి..."

శ్రీనివాసప్ప గొడుగు మూశాడు. "మొదట జత కట్టలేదు అంటివి. తర్వాత పుట్టినాయి, చచ్చినాయి అంటివి. మళ్లా పుట్టినాయి, మళ్లా చచ్చినాయి. ఇప్పుడు పుట్టినాయి, చూపించను అంటాండావు. నేను కచేరికి పోయి ఏమని చెప్పాల? కిచకిచ అని నోటితో చేసి చూపించాల్నా?"

గోడ అవతల బయ్యప్ప తల లేచింది. వాడు ఆ మాటకు నవ్వాడు. మేనేజరు మాటలో తప్పు లేదు.

మేనేజరు కొట్టం వైపు నడిచాడు. పుట్టమ్మ గడప మీద లేచి నిలబడి, తలుపుకు వీపు ఆనించింది.

"పురుడు ఉండాది సామీ. లోపలికి పోకూడదు."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయ్యో. ఎవురికమ్మా? ఇంట్లో కోడలికా?"

"ఎలుకకు."

బయ్యప్ప గోడ మీద వాలిపోయి నవ్వాడు. బండివాడూ నవ్వాడు. శ్రీనివాసప్ప ముఖం మాత్రం ఎర్రబడింది. "నాతో హాస్యమా? ఏమప్పా, నీ ఆడమనిషిని పక్కకు పిలుచుకో. తలుపు తెరిచి చూపిస్తే బోనులు ఖాళీగా పోతాయి. లేకుంటే నీ జతలన్నీ దాంట్లో వేసుకొని పోతాను. రెండింట్లో ఒకటి చెప్పు."

తెరిస్తే పిల్లలు పోతాయి. తెరవకపోతే అన్నీ పోతాయి. మునివెంకటప్ప ఎండలో నిలబడి పెళ్లాం ముఖం చూశాడు. ఆమె బతిమాలుకోవడం లేదు. భయపడడం లేదు. ఈసారి తప్పు ఎవరి మీద పెడతాడో చూద్దామన్నట్టు చూస్తోంది.

అప్పుడు లోపల కిచకిచలు ఆగిపోయాయి.

ఒక్కొక్కటిగా కాదు. దారం తెంపినట్టు, అన్నీ ఒకేసారి. బయ్యప్ప నవ్వు కూడా మధ్యలోనే తెగింది. ఎడ్ల మెడలో గంట ఒకసారి కదిలి, అదీ ఊరుకుంది.

"ఏమైంది?" అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి.

"పాలు తాగుతాండాయి," అంది పుట్టమ్మ. "పాలు తాగేటప్పుడు ఏ బిడ్డయినా అరుస్తాదా?"

మాట గట్టిగానే వచ్చింది. కానీ ఆమె వేళ్లు వెనక తలుపు చెక్కను గీరుతున్నాయి. ఆమెకూ తెలియదు. పాలు తాగినా అంతే నిశ్శబ్దం, తల్లి తినేసినా అంతే నిశ్శబ్దం. ఆ రెండింటి మధ్య తేడా చెప్పగలిగింది లోపలున్న చెవిగాటు ఎలుక ఒక్కటే.

"చూస్తే తెలిసిపోతాది కదా," అంటూ శ్రీనివాసప్ప ఆమె భుజం పక్కనుంచి చేయి చాచి గొళ్లెం పట్టుకున్నాడు.

గొళ్లెం సగం లేచింది.

మునివెంకటప్ప ఎప్పుడు కదిలాడో వాడికే తెలియదు. చూసుకునేసరికి మేనేజరు మణికట్టు తన పిడికిట్లో ఉంది. పట్టుపురుగులా తెల్లగా, మెత్తగా ఉన్న ఆ చేతిని కపిల తాడు పట్టినట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి వదులు," అన్నాడు శ్రీనివాసప్ప, పళ్ల సందున. "ఎవురి చెయ్యి పట్టుకొనుండావో తెలుసా నీకు? బండీ! బోనులు దించు!"

మునివెంకటప్ప వదల్లేదు.